ఇంటి కంప్యూటరుకు కరెంటు కాపలా: ఏ జబ్బుకు ఏ మందు

కంప్యూటరు బిల్లు రాయించుకున్నాక దుకాణంలో చాలామంది అడిగే ఆఖరి ప్రశ్న, "దీనికి ఏ యూపీఎస్ పెట్టమంటారు?" అనేది. కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద కంప్యూటరును నడిపే పెట్టె యూపీఎస్. నా లెక్కలో ఆ ప్రశ్న నాలుగోది కావాలి. ఇంటికి ఎర్తింగు, అంటే దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు, సరిగా ఉందా అన్నది మొదటిది, హైవోల్టేజీ వచ్చినప్పుడు కరెంటును దానంతటదే ఆపేసే ఏర్పాటు ఉందా అన్నది రెండోది, పిడుగుల వల్ల తీగల్లోకి వచ్చే స్పైకుకు అడ్డు ఏమిటన్నది మూడోది. ఈ మూడింటినీ పట్టించుకోకుండా యూపీఎస్ కొంటే, కంప్యూటరుతో పాటు కాలిపోవడానికి ఇంకో వస్తువును ఇంట్లోకి తెచ్చుకున్నట్టే అవుతుంది.

ఈ వరుస నాకు ఒక నష్టం నేర్పింది. శ్రీకాకుళంలో మా వీధిలో ఓ వేసవి సాయంత్రం ఈదురుగాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది గానీ, వచ్చిన తీరే వేరుగా ఉంది: ట్యూబులైటు కళ్లు చెదిరేలా వెలిగింది, ఫ్యాను ఊడిపడుతుందేమో అన్నంత వేగంగా తిరిగింది. ఏమిటా అని చూసేలోపే బల్ల కింద, స్పైకులను ఆపుతుందని పెట్టుకున్న స్పైక్ బస్టరు బోర్డు నుంచి కమురు వాసన వచ్చింది, వెంటనే యూపీఎస్ లోపల టప్పుమంది, కంప్యూటరు లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, ఎస్ఎంపీఎస్ కూడా వాటి వెంటే పోయింది. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగిందని మర్నాడు తెలిసింది. స్పైక్ బస్టరు ఉండి కూడా ఎందుకు కాపాడలేదని దాన్ని అమ్మినాయన్ని చాలాకాలం మనసులో తిట్టుకున్నాను. తప్పు ఆయనది కాదు. ఒక జబ్బుకు వేసే మందును నేను మరో జబ్బుకు వేసి కూర్చున్నాను.

మూడు జబ్బులు వేరు

మన ఇళ్లకు రావలసిన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అందులో వచ్చే తేడాలు కంప్యూటరుకు మూడు రకాలుగా ముప్పు తెస్తాయి.

మొదటిది స్పైకు. దగ్గర్లో పిడుగు పడినప్పుడు, లేదా సబ్‌స్టేషనులో లైను ఆపి మళ్లీ ఇచ్చినప్పుడు, తీగల్లో వోల్టేజీ వేల వోల్టులకు ఎగిరి సెకనులో లక్షో వంతులు కొన్ని గడిచేలోపే తగ్గిపోతుంది. కంటికి కనిపించదు, లైటు కూడా మినుకుమనకపోవచ్చు; కానీ మదర్‌బోర్డు మీది చిప్పులకు ఆ కాస్త సమయమే చాలు.

రెండోది నిలకడగా ఉండే హైవోల్టేజీ, లోవోల్టేజీ. దీన్ని చాలామంది స్పైకుతో కలిపేస్తారు గానీ, మన ప్రాంతంలో ఇళ్లలోని వస్తువులను కాల్చడంలో దీని వాటాయే ఎక్కువని నా అభిప్రాయం. వీధి ట్రాన్స్‌ఫార్మరు నుంచి కరెంటు తెచ్చే తీగలు, అంటే ఫేజులు మూడు, అది తిరిగి వెళ్లే తీగ, అంటే న్యూట్రల్ ఒకటి వస్తాయి. సింగిల్ ఫేజు కనెక్షను ఉన్న ఇంటికి వాటిలో ఒక ఫేజు, ఆ న్యూట్రల్ కలిపి ఇస్తారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులుంటే, ఒక ఫేజుకూ మరో ఫేజుకూ మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ తెగిందనుకోండి, వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఆ 400 వోల్టులను తమలో తాము పంచుకోవలసి వస్తుంది, ఆ పంపకంలో న్యాయం ఉండదు: ఎక్కువ కరెంటు వాడుతున్న ఇళ్లకు తక్కువ వోల్టేజీ, తక్కువ వాడుతున్న ఇళ్లకు ఎక్కువ వోల్టేజీ వెళ్తుంది. రెండు లైట్లూ ఒక కంప్యూటరూ మాత్రమే నడుస్తున్న పొదుపరి ఇల్లే అందరికన్నా ముందు కాలుతుందన్నమాట. ఇది మైక్రోసెకన్లలో పోయే బాధ కాదు, ఎవరో ఒకరు కరెంటు ఆపేదాకా నిమిషాల తరబడి ఉంటుంది. ఇక లోవోల్టేజీ సంగతి: పొలాల్లో మోటార్లు ఒక్కసారిగా వేసే వేళ లైను చివరనున్న ఊళ్లలో వోల్టేజీ బాగా దిగిపోతుంది. కంప్యూటరుకు దానివల్ల ప్రమాదం తక్కువ. లాప్‌టాప్ అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. మంచి డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌లు కూడా తక్కువ వోల్టేజీని బాగానే ఓర్చుకుంటాయి. అందుకే కంప్యూటరు కోసం విడిగా స్టెబిలైజరు కొనడం దండగ. అది ఫ్రిజ్జుకు పనికొచ్చే వస్తువు.

మూడోది కరెంటు పూర్తిగా పోవడం. యూపీఎస్, ఇన్వర్టరు పుట్టింది దీనికోసం మాత్రమే.

ముందు ఎర్తు

ఎర్తు లేని ఇంట్లో ఎంత ఖరీదైన రక్షణ పరికరం పెట్టినా సగం పనే చేస్తుంది, ఎందుకంటే అది పక్కకు మళ్లించిన కరెంటు పోవడానికి దారి ఉండాలి కదా. మీ ఇంట్లో ఎర్తు లేదనడానికి కంప్యూటరే ఒక గుర్తు చూపిస్తుంది. ఉత్త కాళ్లతో నిలబడి కేబినెట్ వెనకవైపు ఇనుప రేకును తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయంటే ఎర్తు అందడం లేదని అనుకోవాలి. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున ఎర్తుకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్తు తెగినప్పుడు కేబినెట్ మీద సప్లయిలో సగం, అంటే సుమారు 115 వోల్టులు కనిపిస్తాయి. అందులో వచ్చే కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. "కంప్యూటరన్నాక ఆ మాత్రం షాకు కొడుతుందిలే" అని సర్దుకుపోయే ఇళ్లు చాలానే చూశాను.

మల్టీమీటరు ఉంటే, వాడటం తెలిసినవారు మూడు కొలతలు తీసుకోవచ్చు. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పైనున్న పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చిన అంకె, ఫేజుకూ ఎర్తుకూ మధ్య వచ్చిన అంకె దాదాపు ఒకటే కావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230కి బదులు 90, 120 లాంటి అంకెలు వస్తే ఎర్తు తీగ ఎక్కడో గాలిలో వేలాడుతోందని అర్థం. అంకెలు బాగున్నా సరే, ఎర్తు తీగ చివర భూమిలో తవ్విన గొయ్యి అసలు నాణ్యత ఎర్త్ టెస్టరుతోనే తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత కొలిపించి, 5 ఓములకు లోపు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు.

మా ఇంట్లో అన్ని సాకెట్లకూ ఆకుపచ్చ తీగ ఉంది. అది ఎక్కడికి పోతుందో వెతకడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టె వెనక చూసి, "వైరయితే లాగీసినారు గానండి, గొయ్యే తవ్వలేదు మాస్టారూ" అన్నాడు. పదకొండేళ్లు ఆ తీగను నమ్ముకుని ఉన్నాం. మీ ఇంట్లో కూడా ఆ తీగ చివరిదాకా వెళ్లి చూడండి. గొయ్యి ఉంటే అందులో గాల్వనైజ్డ్ గొట్టం, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి ఉంటాయి. వేసవిలో నేల ఎండితే ఎర్తు బలహీనపడుతుంది కాబట్టి ఫాల్గుణం దాటాక వారానికి ఒకసారి బకెట్టు నీళ్లు పోయడం మంచి అలవాటు. కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి. ఏడాదికోసారి విప్పించి, గీకించి, బిగించాలి. సాలూరు వైపు రాతినేలల్లో ఒక గొయ్యి చాలక రెండు తవ్వి కలపవలసి రావచ్చు. ఇంత చేసి, చివరికి ప్లగ్గు మీది మూడో పిన్ను పట్టడం లేదని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

హైవోల్టేజీకి కత్తెర, స్పైకుకు అడ్డుకట్ట

న్యూట్రల్ తెగిన బాధకు మందు, మెయిన్ బోర్డులో ఎంసీబీల (కరెంటు హద్దు దాటితే పడిపోయే స్విచ్చుల) పక్కన బిగించే ఓవర్, అండర్ వోల్టేజీ ప్రొటెక్టరు. రెండు వేళ్ల వెడల్పున, ముందు వోల్టేజీ అంకె వెలుగుతూ ఉండే చిన్న పరికరమిది. వోల్టేజీ మనం పెట్టిన హద్దు దాటితే లోపలి రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు, ఇల్లంతటికీ కరెంటు ఆపేస్తుంది, మళ్లీ మామూలయ్యాక కొంత సమయం ఆగి ఇస్తుంది. పై హద్దు 265 లేదా 270, కింది హద్దు 170 దగ్గర పెట్టుకోవచ్చు. లోవోల్టేజీ మామూలైన పల్లెల్లో కింది హద్దును మరీ పైన పెడితే సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా చీకటవుతుంది, అది చూసుకోవాలి. తిరిగి ఇచ్చే సమయం కనీసం ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి, ఎందుకంటే లైను మళ్లీ ఇచ్చిన మొదటి క్షణాల్లోనే ఒడుదొడుకులు ఎక్కువ, ఫ్రిజ్జు కంప్రెసరుకు కూడా ఆ విరామం అవసరం. కొనేటప్పుడు ఇంటి మెయిన్ ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదో చూసి, అంతకు తగ్గనిదే తీసుకోవాలి. నా దృష్టిలో ఈ వ్యాసంలో చెప్పిన పరికరాలన్నిటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. విచిత్రంగా, కంప్యూటరు దుకాణంలో దీని ఊసు ఎవరూ ఎత్తరు, ఎలక్ట్రికల్ సామాను దుకాణంలోనే అడగాలి. హైవోల్టేజీ వచ్చిందని అనుమానం కలిగితే ముందు మెయిన్ ఆపి, ఆ తరువాతే 1912కు ఫోను చేయాలి. మన ఉత్తరాంధ్రకు కరెంటు ఇచ్చే ఏపీఈపీడీసీఎల్ ఫిర్యాదుల నంబరు అది.

అయితే ఈ రిలే కదలడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. స్పైకు అంతకు ఎన్నో రెట్లు ముందే ఇంట్లో దూరిపోతుంది. అక్కడ పని చేయవలసింది స్పైక్ బస్టరు, దానికన్నా మెరుగ్గా మెయిన్ బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్టరు. రెండింటి ప్రాణమూ ఎంఓవీ అనే జింకు ఆక్సైడు బిళ్లే. మామూలు వోల్టేజీ దగ్గర అది కరెంటును పోనివ్వదు. వోల్టేజీ ఎగిరిన క్షణంలో దారి తెరిచి, వచ్చినదాన్ని న్యూట్రల్‌లోకీ ఎర్తులోకీ మళ్లిస్తుంది. మన దేశపు స్పైక్ బస్టర్లలో సాధారణంగా 275 వోల్టుల వరకు నిలకడగా ఓర్చుకునే బిళ్ల వేస్తారు. మా వీధిలో లాగా 350కి పైన నిమిషాల తరబడి వస్తే, ఆ బిళ్ల ప్రతి సైకిల్‌లోనూ తెరుచుకుంటూ, కాగుతూ, చివరికి మండిపోతుంది. కమురు వాసన రహస్యం అదే. వోల్టేజీ ప్రొటెక్టరు ముందుండి, దాని వెనక స్పైక్ బస్టరు ఉంటేనే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

దుకాణంలో ఎర్ర స్విచ్చులున్న ప్రతి బోర్డునూ స్పైక్ బస్టరు అనే పిలుస్తారు. వాటిలో చాలా వరకు ఉత్త ఎక్స్‌టెన్షన్ బోర్డులే, లోపల ఏ బిళ్లా ఉండదు. డబ్బా మీద ఎన్ని జూళ్ల (జూలు శక్తికి కొలత) స్పైకును తట్టుకుంటుందో రాసి ఉందా అని చూడండి. ఆ మాటే లేకపోతే అది ఎక్స్‌టెన్షన్ బోర్డు కింద లెక్క. కంప్యూటరుకు 1000 జూళ్లకు తగ్గకుండా తీసుకోవడం మేలు. రెండో అంకె, వోల్టేజీని ఎంత దగ్గర ఆపుతుందనేది. దీన్ని చూసేటప్పుడు ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి: మన 230 వోల్టుల కరెంటు ప్రతి సైకిల్‌లోనూ మామూలుగానే 325 వోల్టుల శిఖరానికి వెళ్లి వస్తుంది. కాబట్టి 330 వోల్టుల దగ్గరే ఆపేస్తామని రాసిన డబ్బా కనిపిస్తే, అది 120 వోల్టుల అమెరికా సరుకు అంకెను చూసి రాసుకున్నదని గ్రహించాలి. 275 వోల్టుల బిళ్ల నిజంగా అదుపు చేసేది 700 వోల్టుల చుట్టుపక్కల. మూడోది, రక్షణ ఫేజు న్యూట్రల్ మధ్యనే ఉందా, ఎర్తుకు కూడా ఉందా అన్నది. ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మూడు దారుల్లోనూ ఉన్నదే తీసుకోవాలి. ఎంఓవీ ప్రతి దెబ్బకూ కొంత అరుగుతుంది, ఒకరోజు చప్పుడు లేకుండా చస్తుంది. బోర్డు మాత్రం మామూలుగా కరెంటు ఇస్తూనే ఉంటుంది. అందుకే రక్షణ బతికే ఉందని చూపే విడి దీపం ఉన్న బోర్డునే కొనాలి. ఆ దీపం ఆరిన రోజున బోర్డు మార్చాలి.

సొంత ఇల్లు కట్టుకునేవారు, వైరింగు మార్పించేవారు మెయిన్ బోర్డులోనే టైప్ 2 సర్జ్ ప్రొటెక్టరు పెట్టించుకుంటే ఇల్లంతటికీ కాపలా అవుతుంది. 20 కిలోఆంపియర్ల నామినల్ రేటింగు ఉన్నది ఇంటికి చాలు. దాన్నుంచి ఎర్తు బార్‌కు, లైనుకు వెళ్లే తీగలు అన్నీ కలిపి అరమీటరు దాటకుండా, సుడులు తిరగకుండా బిగించాలని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. పొడవాటి తీగ ఉంటే స్పైకు వచ్చినప్పుడు ఆ తీగ మీదే వందల వోల్టులు నిలిచిపోయి పరికరం పెట్టిన ఫలం దక్కదు.

పిడుగు నేరుగా ఇంటి మీదో, ఇంటి ముందు స్తంభం మీదో పడితే వీటిలో ఏదీ ఆగదు. మార్చి చివరి నుంచి తొలకరి దాకా ఉత్తరాంధ్రలో ఉరుములు ముదిరే కాలంలో ప్లగ్గు ఊడదీయడాన్ని మించిన రక్షణ లేదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగుల కదలికను చూపిస్తుంది. యాప్ లేకపోయినా మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. లెక్క 30 సెకన్లు ఉండగానే లేచి ప్లగ్గులు తీసేయాలి. నెత్తిమీద ఉరుముతున్నప్పుడు మాత్రం ఆ తీగల జోలికి పోకూడదు. ప్లగ్గు ఒక్కటే చాలదు. కేబుల్ ఆపరేటరు మేడ మీద నుంచి మేడ మీదకు లాగిన రాగి ఇంటర్నెట్ (లాన్) తీగ ద్వారా వచ్చిన దెబ్బకు రౌటరూ, కంప్యూటరు లాన్ పోర్టూ కలిసి పోవడం ఈ వైపు తరచూ జరిగేదే. ఇంటిలోపలికి ఫైబర్ తీగే వచ్చేటట్టయితే ఈ భయం తగ్గుతుంది, ఎందుకంటే గాజు తీగలో కరెంటు పారదు.

యూపీఎస్ ఎంతది కావాలి

ఇప్పుడు నాలుగో ప్రశ్నకు వద్దాం. దుకాణంలో 600 వీఏ, 1000 వీఏ అని చెబుతారు. అది వాట్లు కాదు. మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు, 1000 వీఏది సుమారు 600 వాట్లు. అసలు అంకె వెనకవైపు లేబులు మీద ఉంటుంది, దాన్నే చదవాలి. మీ కంప్యూటరు ఎంత తీసుకుంటుందో తెలియడానికి ఎస్ఎంపీఎస్ మీది 450 వాట్ల అంకెను చూడవద్దు, అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. ఇంటి ముందున్న కరెంటు మీటరే ఈ లెక్క చెబుతుంది. మీటరు మీద ఒక యూనిట్‌కు 3200 లేదా 1600 అంటూ పల్సుల సంఖ్య రాసి ఉంటుంది, ఎర్ర దీపం ఆ ప్రకారం మినుకుమంటుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, కంప్యూటరూ మానిటరూ నడుస్తుండగా నిమిషంలో ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టండి. 3200 పల్సుల మీటరులో నిమిషానికి 8 వస్తే, గంటకు 480. దాన్ని 3200తో భాగిస్తే 0.15 యూనిట్, అంటే 150 వాట్లు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాపు, 22 అంగుళాల మానిటరు కలిపి సాధారణంగా ఇంతకు లోపే ఉంటాయి. పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో ఆటలాడే కంప్యూటరైతే 300 వాట్లు దాటుతుంది, దానికి 600 వీఏ సరిపోదు. వచ్చిన అంకె యూపీఎస్ వాట్లలో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోవాలి.

ఎంతసేపు నిలుస్తుందన్నది వీఏ మీద కాదు, లోపలి బ్యాటరీ మీద ఆధారపడుతుంది. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న సీల్డు బ్యాటరీ. కాగితం మీద 84 వాట్ అవర్లు. అంత వేగంగా కరెంటు లాగినప్పుడు అందులో సగం పైచిలుకే చేతికి వస్తుంది. 150 వాట్లకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వస్తే మంచి బ్యాటరీ అనుకోవాలి. పని భద్రపరచి, కంప్యూటరును పద్ధతిగా ఆపడానికే ఈ సమయం. ఇంట్లో లేని వేళ కరెంటు పోతే ఆ పని దానంతటదే జరగాలంటే యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపే వీలున్న మోడలు తీసుకోవాలి. చవక మోడళ్లలో చాలావాటికి అది ఉండదు.

ఇంకో మెలిక ఉంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు నునుపైన సైన్ వేవ్ కాకుండా మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి. 80 ప్లస్ ముద్ర ఉన్న కొత్త ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే భాగం ఉంటుంది. వాటిలో కొన్ని ఈ మెట్ల కరెంటును చూసి కంప్యూటరును ఠక్కున ఆపేస్తాయి. యూపీఎస్ ఉండి కూడా కరెంటు పోగానే కంప్యూటరు ఆగిపోతోందని బాధపడేవారు ముందు బ్యాటరీని, ఆపైన దీన్ని అనుమానించాలి. మంచి ఎస్ఎంపీఎస్ ఉంటే సైన్ వేవ్ యూపీఎస్ తీసుకోవడమే దారి. కరెంటు ఉన్నా లేకున్నా ఎప్పుడూ తన ఇన్వర్టరు ద్వారానే కరెంటు ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ అన్నిటికన్నా మేలైనది గానీ, ఫ్యాను రొద, వేడి, ఖరీదు ఇంటికి భారం. మీ సేవ కేంద్రం లాంటిది నడిపేవారికి తగినది. ఏది కొన్నా భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు సంఖ్య డబ్బా మీద ఉందో లేదో చూడాలి. లేజర్ ప్రింటరును మాత్రం ఏ యూపీఎస్‌కూ తగిలించవద్దు. కాగితం మీద పొడిని కరిగించడానికి అది ఒక్క క్షణంలో వందల వాట్లు లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది.

ఇన్వర్టరు ఉన్న ఇల్లు

ఇంట్లో ఇప్పటికే సైన్ వేవ్ ఇన్వర్టరు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఉంటే విడిగా యూపీఎస్ అవసరం లేకపోవచ్చు. వెనకవైపు లేదా ముందువైపు యూపీఎస్, నార్మల్ అనే స్విచ్చు ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారే విరామం కంప్యూటరుకు ఎక్కువ కావచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెడితే అది 10 మిల్లీసెకన్ల దరిదాపుల్లోకి వస్తుంది. ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలదు కాబట్టి కంప్యూటరుకు తెలియకుండానే మారిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ హద్దులు కూడా ఇరుకవుతాయి, సుమారు 180 నుంచి 260 వరకే లైనును తీసుకుంటుంది. లోవోల్టేజీ ఊళ్లలో ఆ కారణంగా బ్యాటరీ తరచూ ఖర్చవుతుంది, అది భరించక తప్పదు.

150 ఆంపియర్ అవర్లంటే 1800 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది, బ్యాటరీని అడుగంటా తోడకుండా మిగల్చవలసింది తీసేస్తే సుమారు 1150 మిగులుతాయి. కంప్యూటరుకు 150 వాట్లు, ఒక పాత ఫ్యానుకు 75, రెండు లైట్లకు కలిపి 20 అని లెక్కవేస్తే సుమారు నాలుగున్నర గంటలు. ఫ్యాను మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాను పెడితే అదనంగా ఒక గంట వరకు వస్తుంది.

పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు వెనక మళ్లీ చిన్న యూపీఎస్ తగిలించడం మాత్రం వృథా. ఇన్వర్టరిచ్చే కరెంటును అది కరెంటుగా గుర్తించక టిక్కుటిక్కుమంటూ తన బ్యాటరీనే తినేస్తుంది. తుపాను రోజుల్లో అద్దెకు తెచ్చే చిన్న పెట్రోలు జనరేటరుతోనూ ఇదే గొడవ, దాని వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండవు కాబట్టి. జనరేటరును వరండాలో కూడా పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఇంటి మీద సోలారు ఉన్నవారికి ఒక మాట: బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ సోలారు, లైను కరెంటు పోగానే లైన్‌మన్ల భద్రత కోసం తనంతట తాను ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో కరెంటు ఉండదు. ఇది తెలియక నిరాశపడ్డ ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

లాప్‌టాప్ వాడేవారికి ఈ తతంగమంతా అక్కర్లేదు. యూపీఎస్ దాని పొట్టలోనే ఉంది. మంచి స్పైక్ బస్టరు, రౌటరుకూ ఫైబర్ పెట్టెకూ 12 వోల్టులిచ్చే చిన్న రౌటరు యూపీఎస్ ఉంటే చాలు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలకు నేను చెప్పేది ఇదే. కొనేముందు అడాప్టరు మీద వోల్టులూ ఆంపియర్లూ సరిపోల్చుకోవాలి.

ఎన్ని గంటలకు సిద్ధపడాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరి గులాబ్ తుపానులు ఎలా వచ్చాయో చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. తిత్లీ తరువాత ఉద్దానం పల్లెల్లో కరెంటు రోజుల తరబడి రాలేదు. అటువంటి దానికి సరిపడా బ్యాటరీ ఏ ఇంట్లోనూ ఉండదు, కొనడానికి ప్రయత్నించడం కూడా వివేకం కాదు. హెచ్చరిక వచ్చిన రోజునే ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, కంప్యూటరు తీగలన్నీ ఊడదీసి, యూపీఎస్‌ను, ఇన్వర్టరు బ్యాటరీని నేల మీద నుంచి లేపి ఎత్తయిన బల్ల మీద పెట్టాలి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లవారికి ఈ చివరి మాట మరీ ముఖ్యం.

కొన్నాక

చిన్న యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షు రెండు మూడేళ్లు. వేడి దానికి శత్రువు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయువు సగానికి పడిపోతుందని లెక్క. కాబట్టి ఎండ తగిలే కిటికీ కిందా, గాలి ఆడని బీరువాలోనూ పెట్టవద్దు. మూడు నెలలకోసారి పరీక్షించండి: ఏదో పనికిరాని ఫైలు తెరిచి ఉంచి, గోడ మీది స్విచ్చు ఆపి, ఎంతసేపు నిలిచిందో డబ్బా మీద పెన్సిలుతో రాసిపెట్టండి. ప్లగ్గు పీకి పరీక్షించకూడదు, అలా చేస్తే ఎర్తు కూడా తెగిపోతుంది. స్విచ్చు ఆపితే ఫేజు మాత్రమే తెగుతుంది. మొదట్లో వచ్చిన సమయంలో సగానికి తగ్గినప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్చుకోవాలి, యూపీఎస్ మొత్తం మార్చనక్కర్లేదు. ట్యూబులర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. పాత బ్యాటరీని పాతసామాను బండికి వేయకుండా కొత్తది కొనే దుకాణంలోనే ఇచ్చేయండి. లోపలి సీసానికి ధర కట్టి బిల్లులో తగ్గిస్తారు.